లాగర్ సీసాల్లో నింపాక ఏం చెయ్యాలి? కండిషనింగ్, నిల్వ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునే మనవాళ్ళు ఒకట్రెండు సార్లు ఏల్ (వెచ్చగా పులిసే బీరు) చేశాక లాగర్ (చల్లగా, నిదానంగా పులిసే బీరు) మీద పడతారు, పిల్స్‌నర్ అనో హెలెస్ అనో లాగర్ రకాలు మొదలుపెడతారు. ఫెర్మెంటేషన్ దాకా సమాచారం బోలెడు దొరుకుతుంది గానీ మూత బిగించాక ఆ సీసాల్ని ఏం చెయ్యాలన్న దగ్గరే ఆగిపోతున్నారు, అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. కండిషనింగ్ అంటే సీసాలో గ్యాస్ పట్టి రుచి కుదిరేదాకా ఉంచడం. ఇది కెగ్ (గ్యాస్ ఒత్తిడితో బీరు ఉంచే లోహపు పీపా) లేకుండా, సీసాలో పంచదార వేసి గ్యాస్ పట్టించేవాళ్ళ కోసం. లెక్కలు 5 గ్యాలన్ల బ్యాచ్‌కి, అంటే 19 లీటర్లకి. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్ళి చదువుకోవచ్చు.

## మూత వెయ్యక ముందు

ఎయిర్‌లాక్‌లో (ఫెర్మెంటర్ మూత మీద గ్యాస్ బయటికి వదిలే గొట్టంలో) బుడగలు ఆగిపోయాయి, ఇంక నింపెయ్యొచ్చా?

బుడగలు చూసి నింపొద్దు, హైడ్రోమీటర్ చూసి నింపండి. లాగర్ ఈస్ట్ చల్లటి చోట నిదానంగా పని చేస్తుంది కాబట్టి బుడగ ఆగినా లోపల కొంచెం కొంచెం పులుస్తూనే ఉండొచ్చు. మూడు రోజుల తేడాతో రెండు సార్లు గ్రావిటీ (నీళ్ళతో పోలిస్తే బీరు సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) చూడండి, రెండూ ఒకటే ఉంటేనే ముందుకెళ్ళండి. ఎందుకింత పట్టుదల అంటే, సీసాలోకి వెళ్ళాక గ్రావిటీ ఒక్క పాయింట్ (0.001) తగ్గినా దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ (ఒక వాల్యూమ్ అంటే బీరు ఎంతుందో అంత గ్యాస్) అదనంగా తయారవుతుంది. మీరు 1.014 దగ్గర నింపేసి అది 1.010 దాకా దిగిందనుకోండి, పంచదార గ్యాస్ కాకుండా ఇంకో 2 వాల్యూమ్స్ చేరినట్టే, మామూలు బీరు సీసా ఆ ఒత్తిడి కోసం చేసింది కాదు.

డయాసిటిల్ రెస్ట్ అయిందో లేదో ఎలా చెక్ చెయ్యాలి?

డయాసిటిల్ అంటే వెన్న వాసనిచ్చే పదార్థం, పులియడం చివర్లో బీరుని కాస్త వెచ్చగా ఉంచితే ఈస్ట్ దాన్ని తినేస్తుంది, అదే ఈ రెస్ట్. రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసుకోండి. ఒకదానికి మూతపెట్టి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న వేడినీళ్ళలో 20 నిమిషాలు ఉంచండి, రెండోది అలాగే వదిలెయ్యండి. వేడిదాన్ని చల్లార్చి రెండూ పక్కపక్కన వాసన చూడండి. వేడి చేసిన దాంట్లో వెన్న వాసనో థియేటర్ పాప్‌కార్న్ వాసనో వస్తే ఇంకా కాలేదని అర్థం. ఫెర్మెంటర్‌ని 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఇంకో రెండు మూడు రోజులు ఉంచి మళ్ళీ చూడండి. ఈ ఒక్క పరీక్షతో చాలా బ్యాచ్‌లు బాగుపడతాయి, దయచేసి మానకండి.

ముందు ఫెర్మెంటర్‌లోనే లాగరింగ్ (వారాల తరబడి బాగా చల్లగా ఉంచడం) చేసి తర్వాత నింపాలా, లేక నింపేసి సీసాల్లో చెయ్యాలా?

రెండు దారులూ పని చేస్తాయి. కెగ్ లేనివాళ్ళకి మాత్రం నేను చెప్పేది రెండోదే. ప్లాస్టిక్ బకెట్‌నో కార్బాయ్‌నో (సన్నమూతి పెద్ద సీసానో) ఆరు వారాలు ఫ్రిజ్‌లో పెట్టారంటే చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుని ఎయిర్‌లాక్ గుండా బయటి గాలిని లాక్కుంటుంది, ఆ ఆక్సిజన్ అంతా తిన్నగా బీరులోకే. అదే సీసాలో అయితే ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌లో కొంత గ్యాస్ పట్టే టైమ్‌లో ఈస్టే వాడేసుకుంటుంది. పైగా నింపే వేళకి ఈస్ట్ ఇంకా చురుగ్గా ఉంటుంది.

పంచదార ఎంత వెయ్యాలి? కాలిక్యులేటర్ టెంపరేచర్ అడుగుతోంది, ఏది ఇవ్వాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫెర్మెంటేషన్ అయ్యాక బీరు చేరిన అత్యధిక టెంపరేచర్ ఇవ్వాలి, ఇప్పుడున్న టెంపరేచర్ కాదు. 18 డిగ్రీల దగ్గర డయాసిటిల్ రెస్ట్ చేసి తర్వాత 1 డిగ్రీకి చల్లార్చారనుకోండి, అప్పటికే గ్యాస్ చాలావరకు బయటికి పోయింది, చల్లార్చినంత మాత్రాన తిరిగి రాదు. బీరులో మిగిలింది సుమారు 0.9 వాల్యూమ్. మీరు అక్కడ 1 డిగ్రీ అని కొడితే కాలిక్యులేటర్ 1.7 దాకా ఉందనుకుని పంచదార తక్కువ చెప్తుంది, బీరు చప్పగా తయారవుతుంది.

పిల్స్‌నర్, హెలెస్‌కి 2.5 వాల్యూమ్స్ బాగుంటుంది. 18 డిగ్రీలు చూసిన 19 లీటర్లకి మామూలు పంచదార సుమారు 115 గ్రాములు, కార్న్ షుగర్ అయితే 130. కప్పులతో కొలవకండి, తూకం వెయ్యండి. రెండు కప్పుల నీళ్ళలో మరిగించి చల్లారాక బాట్లింగ్ బకెట్ అడుగున పోసి దానిమీదకి బీరు సైఫన్ చేసి, శానిటైజ్ చేసిన గరిటెతో నురగ రాకుండా మెల్లగా ఒకసారి కలపండి.

జర్మనీలో లాగర్‌కి పంచదార కలపడం ఒప్పుకోరు. అక్కడ ఇంకా పులుస్తున్న కొత్త బీరునో, దాచిపెట్టిన వర్ట్‌నో (ఇంకా పులియని తియ్యటి బీరు రసాన్నో) కలిపి గ్యాస్ పట్టిస్తారు. ఇంట్లో అది చెయ్యాలంటే లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి, మొదటి లాగర్‌కి పంచదారే మేలు.

రెండు నెలలు ఫెర్మెంటర్‌లో చల్లగా ఉంచేశాను, గ్యాస్ పట్టడానికి ఈస్ట్ మిగిలి ఉంటుందా?

ఉంటుంది గానీ చాలావరకు అడుక్కి చేరి ఉంటుంది, ఉన్నది కూడా నీరసంగా ఉంటుంది. అనుమానం పెట్టుకోవడం కన్నా సుమారు 2 గ్రాముల డ్రై ఈస్ట్ గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి బాట్లింగ్ బకెట్‌లో కలిపెయ్యండి. ముందు వాడిన లాగర్ ఈస్టే అక్కర్లేదు, రుచి పెద్దగా వదలని ఏల్ ఈస్ట్ అయినా పర్లేదు. ఇక్కడ దాని పని ఆ కాస్త పంచదార తినడమే.

ఏ సీసాలు వాడాలి? మూత తిప్పి తీసేవి పనికొస్తాయా?

ఓపెనర్‌తో తీసే గోధుమరంగు బీరు సీసాలు వాడండి. తిప్పి తీసేవాటి మూతి మీద మరలు ఉంటాయి, మన చేతి క్యాపర్‌తో వేసిన మూత వాటి మీద సరిగ్గా కూర్చోదు. జ్యూస్ సీసాలు, సాస్ సీసాలు అసలొద్దు, అవి ఒత్తిడికి చేసినవి కావు. 19 లీటర్లకి 12 ఔన్సుల సీసాలు 50 దాకా పడతాయి. అన్నిటినీ టార్చ్‌లైట్‌కి ఎదురుగా పెట్టి అడుగున ఈస్ట్ ఎండి అంటుకుపోయిందేమో చూడండి, ఉంటే శానిటైజర్ దాన్ని ఏమీ చెయ్యలేదు, ముందు బ్రష్‌తో వదిలించాలి.

వంటింట్లో ఇడ్లీ పిండి పులుస్తోంది, అక్కడే బాట్లింగ్ చెయ్యొచ్చా?

వీలైతే వేరే రోజు పెట్టుకోండి. ఇడ్లీ పిండిని పులియబెట్టేది లాక్టిక్ యాసిడ్ చేసే బ్యాక్టీరియా, బీరుని పులగొట్టేది కూడా ఆ కుటుంబమే. గిన్నె మూతపెట్టి ఉన్నంత మాత్రాన ఏమీ కాదు, కానీ పిండి కలిపిన చెయ్యి, గట్టు తుడిచిన గుడ్డ, గ్రైండర్ చుట్టూ పడ్డ తుంపర్లు, వీటితోనే వస్తుంది తంటా. తప్పదంటే గట్టు సబ్బుతో కడిగి, చేతులు కడుక్కుని, ట్యూబులూ బాట్లింగ్ వాండూ (సీసా నింపే గొట్టం) శానిటైజర్‌లో ముంచి తీసి, పిండి జోలికి వెళ్ళకుండా పని ముగించండి. గ్రైండర్ ఆ టైమ్‌లో ఆన్ చెయ్యొద్దని ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

## మూత వేశాక మొదటి రెండు మూడు వారాలు

లాగర్ కదా, మూత వెయ్యగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యొచ్చా?

వద్దు. ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ పడుకుంటుంది, పంచదార పంచదారగానే మిగిలిపోతుంది, నెల తర్వాత తీసి చూస్తే తియ్యగా చప్పగా ఉంటుంది. ముందు వెచ్చగా, తర్వాత చల్లగా, ఇదీ వరస. 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్, అంటే 65 నుంచి 70 ఫారెన్‌హీట్ ఉన్న చీకటి చోట రెండు మూడు వారాలు ఉంచండి. బెడ్‌రూమ్ క్లాజెట్ దీనికి చక్కగా సరిపోతుంది.

అంత జాగ్రత్తగా 10 డిగ్రీల దగ్గర పులియబెట్టి ఇప్పుడు గది వేడిలో పెడితే లాగర్ రుచి పోదా?

పోదు. ఈస్ట్ వెచ్చదనంలో పండ్ల వాసనలూ అవీ వదిలేది ముఖ్యంగా మొదట్లో, అది పెరిగే దశలో. సీసాలో పడే పంచదార లీటరుకి 6 గ్రాములే, దానికోసం ఈస్ట్ పెద్దగా పెరగదు. పైగా ఈ వెచ్చదనం వల్ల లాభం కూడా ఉంది. నింపేటప్పుడు తగిలిన గాలి వల్ల కొత్తగా కొంచెం డయాసిటిల్ పుట్టొచ్చు, వెచ్చగా ఉంటే ఈస్ట్ దాన్ని మళ్ళీ తినేస్తుంది.

గ్యాస్ పట్టిందో లేదో సీసా తియ్యకుండా ఎలా తెలుస్తుంది?

ఒక చిన్న సోడా ప్లాస్టిక్ బాటిల్ శుభ్రం చేసి బ్యాచ్‌లో చివరి బీరు దాంట్లో నింపండి. మూత బిగించే ముందు బాటిల్‌ని నొక్కి బీరు మూతి దాకా వచ్చాక బిగించండి. మొదటి రోజు నొక్కులు పడి మెత్తగా ఉంటుంది, నాలుగైదు రోజులకి నొక్కులు తన్నుకుని బయటికి వస్తాయి, రెండు వారాలకి బొటనవేలితో ఎంత నొక్కినా లోపలికి పోదు. అలా గట్టిపడ్డాక ఒక గాజు సీసా రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి తీసి చూడండి. ఆ రెండు రోజులూ ముఖ్యం, మూతికింద చేరిన గ్యాస్ చల్లబడ్డాకే బీరులో బాగా కలుస్తుంది. వెచ్చటి సీసా తీసి పొంగిందనో, గంటసేపే ఫ్రిజ్‌లో పెట్టి గ్యాస్ లేదనో తీర్పు చెప్పకండి.

మూడు వారాలైంది, గ్యాస్ అస్సలు లేదు. పారబొయ్యాలా?

పారబొయ్యకండి, ముందు సీసాలు ఎక్కడున్నాయో చూడండి. న్యూజెర్సీ, షికాగో బేస్‌మెంట్‌లు చలికాలంలో 14, 15 డిగ్రీల దగ్గర ఉంటాయి, అక్కడ ఐదారు వారాలు కూడా పట్టొచ్చు. పైన గదిలోకి తెచ్చి, ఒక్కో సీసాని తలకిందులు చేసి అడుగునున్న ఈస్ట్‌ని లేపి ఇంకో పది రోజులు ఆగండి. కొన్నిట్లో ఉండి కొన్నిట్లో లేదంటే పంచదార సరిగ్గా కలవలేదన్నమాట, లేదా మూతలు వదులు. సీసాని గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే మూత చుట్టూ బుడగలొస్తాయి, కారుతుంటే తెలిసిపోతుంది. ఏం చేసినా కదలిక లేకపోతే మూతలు తీసి నాలుగైదు గింజల డ్రై ఈస్ట్ వేసి కొత్త మూతలు బిగించండి.

క్లాజెట్‌లో ఒక సీసా పేలింది! మిగతావి ఏం చెయ్యాలి?

ముందు పిల్లల్ని అటు వెళ్ళనివ్వకండి. మీరు కళ్ళకి సేఫ్టీ గ్లాసెస్, చేతులకి మందపాటి గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని పెట్టె మీద మందపాటి టవల్ కప్పి, కుదిపెయ్యకుండా పెట్టెని పెట్టెగానే ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఒకరోజు బాగా చల్లబడితే ఒత్తిడి చాలా తగ్గుతుంది. అప్పుడు టవల్ కప్పి ఒక్కో మూత అంచుని కొంచెం ఎత్తి గ్యాస్ వదలండి. ఒక సీసా రుచి చూడండి. శుభ్రంగా ఉంటే పులియడం పూర్తికాకుండా నింపారు, లేదా పంచదార ఎక్కువైంది. పుల్లగా, పల్చగా, మందుల వాసనతో ఉంటే ఇన్‌ఫెక్షన్, అప్పుడు మొత్తం పారబోసి ట్యూబులు కొత్తవి కొనండి. అసలు మొదటి రోజు నుంచే సీసాల్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మాది డల్లాస్, బేస్‌మెంట్ లేదు. గ్యారేజ్‌లో ఉంచితే?

మే నుంచి సెప్టెంబర్ దాకా ఆ ఆలోచనే వద్దు. టెక్సస్ గ్యారేజ్ మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటిపోతుంది, 20 డిగ్రీల దగ్గర సీసాలో ఉండే ఒత్తిడి 40 దగ్గరికొచ్చేసరికి దాదాపు రెట్టింపు అవుతుంది. పేలకపోయినా బీరు ముసలిదైపోతుంది. బ్రూవరీల వాళ్ళు చెప్పుకునే 3-30-300 అని ఒక అంచనా ఉంది: 90 ఫారెన్‌హీట్‌లో 3 రోజులు, 72లో 30 రోజులు, 38లో 300 రోజులు, మూడూ బీరుని ఒకేలా ముసలి చేస్తాయని. కచ్చితమైన శాస్త్రం కాదు గానీ వేడి ఎంత చేటో దీన్ని బట్టి తెలుస్తుంది. ఏసీ నడిచే ఇంట్లో, లోపలి గోడవైపు క్లాజెట్‌లో పెట్టుకోండి.

## చల్లగా పెట్టాక

ఎంత చల్లగా, ఎన్ని వారాలు?

1 నుంచి 4 డిగ్రీల సెల్సియస్. ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉండే పిల్స్‌నర్, హెలెస్‌కి నాలుగు నుంచి ఆరు వారాలు, ఆంబర్ రకాలకి ఆరు నుంచి ఎనిమిది, డోపెల్‌బాక్ లాంటి గట్టి బీర్లకి మూడు నెలలు. ఈ టైమ్‌లో ఈస్టూ ప్రోటీన్లూ అడుక్కి దిగుతాయి, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) గరుకుతనం తగ్గుతుంది, రుచులన్నీ కలిసిపోతాయి. జర్మనీలోని బవేరియాలో 1553లో ఎండాకాలం బ్రూయింగ్‌నే నిషేధించారు, సెప్టెంబర్ 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే చెయ్యాలి. అందుకని మార్చిలో కాస్త గట్టిగా చేసి నేలమాళిగల్లో మంచుగడ్డల మధ్య ఆకురాలే కాలం దాకా దాచేవాళ్ళు, మాళిగ మీద నీడకోసం చెస్ట్‌నట్ చెట్లు నాటేవాళ్ళు. అంత కష్టపడి కాపాడుకున్నది ఈ చల్లదనాన్నే, మనకి ఫ్రిజ్ ఉంది కాబట్టి వారానికో సీసా తీసి చూస్తూ ఓపిక పట్టండి. రెండో వారానికీ ఆరో వారానికీ తేడా మీ నాలుకకే తెలుస్తుంది.

ఇంట్లో ఉన్నది ఒకటే ఫ్రిజ్, యాభై సీసాలు పట్టవు. ఏం చెయ్యాలి?

పట్టినన్ని లోపల పెట్టండి, మిగతావి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, చీకటిగా ఉన్న చోట ఉంచి వంతులవారీగా మార్చండి. ఫ్రిజ్‌లోనివి తాగేముందు నాలుగు వారాలు పూర్తి చేసుకుంటే చాలు. లాగర్ తరచుగా చేస్తారనుకుంటే పాత చెస్ట్ ఫ్రీజర్ ఒకటి కొని దానికి టెంపరేచర్ కంట్రోలర్ తగిలించుకోండి, ఫెర్మెంటేషన్‌కీ అదే, నిల్వకీ అదే. ఈ హాబీలో డబ్బు పెట్టదగ్గ వస్తువు ఏదైనా ఉందంటే అదే.

సీసాలు నిలబెట్టాలా, వైన్‌లా పడుకోబెట్టాలా?

నిలబెట్టాలి. పడుకోబెడితే మడ్డి పక్కగోడకి అంటుకుని వంచేటప్పుడు అంతా గ్లాసులోకి వస్తుంది. వైన్ కార్క్ ఎండిపోకూడదని అలా చేస్తారు, మన క్రౌన్ మూతకి ఆ గొడవ లేదు.

ఫ్రీజర్‌లో మర్చిపోయా, గడ్డకట్టింది. తాగొచ్చా?

5 శాతం బీరు మైనస్ 2, మైనస్ 3 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. సీసా పగిలినా, చీలినా పారెయ్యండి, గాజు ముక్కలతో పంతాలొద్దు. చెక్కుచెదరకుండా ఉంటే ఫ్రిజ్‌లోకి మార్చి నిదానంగా కరగనివ్వండి, తాగొచ్చు. కాస్త మబ్బుగా ఉండొచ్చు, మూత వదులైతే గ్యాస్ పోతుంది. మినియాపోలిస్ లాంటి చోట చలికాలం గ్యారేజ్‌లో ఉంచినా జరిగేది ఇదే.

బయట ఉన్నప్పుడు తేటగా ఉంది, చల్లబడగానే మబ్బుగా అయింది. చెడిపోయిందా?

లేదు. ప్రోటీన్లూ పాలీఫెనాల్స్ చలికి జట్టుకట్టి అలా కనబడతాయి, గ్లాసు వెచ్చబడితే మళ్ళీ తేటపడుతుంది. కొన్ని వారాలు చల్లగా కదపకుండా ఉంచితే అదే అడుక్కి దిగిపోతుంది. వెచ్చగా ఉన్నా మబ్బు పోకపోతే మాత్రం రుచి చూడండి, పులుపు లేకపోతే తేలుతున్న ఈస్టే.

## రుచిలో తేడా వస్తే

వెన్న వాసన వస్తోంది, ఇప్పుడు చెయ్యగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. సీసాలన్నీ ఫ్రిజ్ నుంచి తీసి 20 డిగ్రీల దగ్గర వారం, పది రోజులు ఉంచండి. ఈస్ట్ బతికుంటే డయాసిటిల్‌ని చాలావరకు తినేస్తుంది, తర్వాత మళ్ళీ చల్లగా పెట్టుకోండి. వెన్నతో పాటు పులుపు కూడా ఉండి వారం వారం పెరుగుతుంటే అది బ్యాక్టీరియా పని, దానికి మందు లేదు.

మూత తియ్యగానే కుళ్ళిన గుడ్డు వాసన?

లాగర్ ఈస్ట్‌లు గంధకం వాసన వదలడం మామూలే. ఫెర్మెంటర్‌లో అయితే గ్యాస్‌తో పాటు బయటికి పోతుంది, సీసాలో పోవడానికి దారి లేదు. అయినా కండిషనింగ్‌లో నెమ్మదిగా తగ్గుతుంది, ఇంకో నెల ఆగండి. కొంచెం మిగిలితే గ్లాసులో వంచాక రెండు నిమిషాలు అలా ఉంచితే ఎగిరిపోతుంది.

తడి అట్టపెట్టె రుచి ఎందుకొస్తుంది? స్కంక్ అనే జంతువు వదిలే కంపులాంటి ఘాటు వాసన వచ్చేదీ అదేనా?

రెండూ వేరు. అట్ట రుచి ఆక్సిజన్ వల్ల, వేడి దాన్ని ఇంకా తొందర పెడుతుంది. నింపేటప్పుడు బీరు చిలకకుండా వాండ్‌ని సీసా అడుగుదాకా దించండి, పైన అంగుళం మాత్రమే ఖాళీ ఉంచండి, నురగ మూతిదాకా వచ్చినప్పుడే మూత వెయ్యండి. రెండో వాసన వెలుతురు వల్ల. హాప్స్ చేదు మీద వెలుతురు పడితే ఆ ఘాటు గంధక పదార్థం పుడుతుంది, ఎండలో నిమిషాల్లోనే మొదలవుతుంది. గోధుమరంగు గాజు చాలా ఆపుతుంది, ఆకుపచ్చది పెద్దగా ఆపదు, తెల్లది అస్సలు ఆపదు. రెండిట్లో ఏది వచ్చినా వెనక్కి పోదు, రాకుండా చూసుకోవడమే.

పచ్చి యాపిల్ వాసన, ఉడికించిన మొక్కజొన్న వాసన, ఇవి కండిషనింగ్‌లో పోతాయా?

పచ్చి యాపిల్ చాలావరకు పోతుంది, బీరు ఇంకా లేతగా ఉందని దానర్థం, వెచ్చగా ఇంకో వారం ఉంచండి. మొక్కజొన్న వాసన పోదు. అది మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి వస్తుంది, వర్ట్‌ని మూత తీసి గంట పైన బాగా మరిగించి, త్వరగా చల్లార్చి ఉంటే వచ్చేది కాదు. వచ్చే బ్యాచ్‌లో చూసుకోండి.

## నిల్వ, తాగడం, పంచడం

ఎన్ని నెలలు నిలవ ఉంటుంది?

చల్లగా ఉంచితే పిల్స్‌నర్, హెలెస్ మూడు నాలుగు నెలలు మంచి రుచిలో ఉంటాయి, ఆ తర్వాత చెడిపోవు గానీ హాప్స్ వాసన మెల్లగా పోతుంది. డోపెల్‌బాక్ అయితే ఏడాది హాయిగా ఉంటుంది, ఎండుద్రాక్ష రుచులు దిగి ఇంకా బాగుంటుంది కూడా. ప్రతి మూత మీద మార్కర్‌తో నింపిన తేదీ రాయండి. ఒకసారి చల్లబరిచి బయటికి తీస్తే పాడవుతుందని చాలామంది అనుకుంటారు, అదేం లేదు, వేడిలో ఎన్నాళ్ళుంది అన్నదే లెక్క.

అడుగున తెల్లగా పేరుకుంది, తాగితే ఏమవుతుంది?

ఈస్టే, హాని లేదు, కొందరికి కడుపు ఉబ్బరం చేస్తుంది. బాగా లాగరింగ్ అయిన సీసాలో అది విబూది పూసినంత పల్చగా, గట్టిగా అంటుకుని ఉంటుంది. గ్లాసు వంచి పట్టుకుని ఆపకుండా ఒకేసారి పొయ్యండి, మధ్యలో సీసా నిలబెడితే మడ్డి లేస్తుంది. చివరి సెంటీమీటర్ సీసాలోనే వదిలెయ్యండి. ఖాళీ అవ్వగానే నీళ్ళతో తొలిచి బోర్లించండి, తర్వాత బ్రష్ పని తప్పుతుంది.

ఫ్రెండ్స్‌కి ఇవ్వొచ్చా? పాట్‌లక్‌లో అమ్మొచ్చా?

ఇవ్వొచ్చు, అమ్మకూడదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఒక ఇంట్లో ఒక అడల్ట్ ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువ ఉంటే 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. బయటికి తీసుకెళ్ళే విషయంలో రాష్ట్రాల నియమాలు వేరువేరుగా ఉంటాయి, మీ రాష్ట్రానివి చూసుకోండి. పోస్టులో పంపాలనుకోకండి, యూఎస్‌పీఎస్ మద్యం తీసుకోదు. ఇచ్చేటప్పుడు అడుగున మడ్డి ఉంటుందని, నిలబెట్టి ఫ్రిజ్‌లో ఉంచమని చెప్పి ఇవ్వండి, లేకపోతే మీ ఆరు వారాల ఓపిక వాళ్ళ కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

హైదరాబాద్‌లో మా తమ్ముడు కూడా చేస్తానంటున్నాడు, ఈ పద్ధతే చెప్పనా?

చెప్పకండి. తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చెయ్యడం నేరం, సొంతానికైనా సరే. హైదరాబాద్‌లో తాజా బీరు చేసే మైక్రోబ్రూవరీలు లైసెన్సుతో నడుస్తాయి, అతనికి ఆసక్తి ఉంటే అక్కడికి వెళ్ళి రుచి చూడమనండి, బ్రూవర్ కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు అడిగితే ట్యాంకులు చూపిస్తారేమో. మీ దగ్గరికి వచ్చినప్పుడు మీ బ్యాచ్‌లోంచి పొయ్యొచ్చు, అమెరికాలో 21 ఏళ్ళు నిండి ఉండాలి.